ఉండ లోపల ఏముంది

మా అత్త నా చేతి కూడు మానేసిన ఏడు స్కైలాబ్ ఏడు. ఊరంతా తలెత్తి ఆకాశం వైపు చూస్తుంటే ఆమె మాత్రం తల దించి నా గరిటె వైపు చూసింది. ఆకాశంలోంచి రావలసింది మా మీద పడలేదు. గరిటెలోంచి వచ్చిందే మా నెత్తిన పడింది.

అప్పటికి నా పెళ్ళయి మూడు నెలలు. పరకాల పక్క పల్లె నుంచి మట్టెవాడలో తాళ్ళు, చాటలు, గంపలు అమ్మే దుకాణం వాళ్ళింటికి కోడలిగా వచ్చాను. ఇంట్లో నలుగురమే. మామ సాంబయ్య, అత్త లక్ష్మీనర్సమ్మ, మా ఆయన వెంకట్రాజం, నేను. మా ఆయన తల్లి గీసిన గీత దాటని మనిషి. కాళ్ళకు చెప్పులు కొనుక్కోవాలన్నా "అవ్వనడుగుత" అనేవాడు. అవ్వ "ఇప్పుడెందుకు" అంటే ఉత్త కాళ్ళతో తిరిగేవాడు. నాకు ఒళ్ళు మండేది గానీ కొత్త కోడలికి ఒళ్ళు మండే హక్కు ఎక్కడిది?

ఆషాఢం వచ్చింది. ఆ నెల అత్తాకోడళ్ళు ఒక గడపలో ఉండకూడదని నన్ను పుట్టింటికి పంపారు. కొత్త అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు కాబట్టి ఆయన రాకూడదు. సరిగ్గా అప్పుడే, ఆకాశంలో తిరిగే అమెరికా స్కైలాబ్ కూలి పడబోతోందని రేడియోలో గోల మొదలైంది. అది ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదట. మా ఊళ్ళో జనం రేపు ఉంటామో పోతామో అని కోళ్ళనూ మేకలనూ కోసుకు తినడం మొదలుపెట్టారు. నాట్లు వేయాల్సిన వాళ్ళు కూడా, "అది పడ్డంక ఏద్దాంలే" అని ఇళ్ళల్లో కూర్చున్నారు.

ఒకనాటి పొద్దున తుంపర్లలో మా ఆయన తడిసి ముద్దయి మా వాకిట్లో నిలబడ్డాడు. మా అమ్మ సమ్మమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికి పరుగెత్తింది.

"అయ్యో బిడ్డా, ఇదేం పని! ఆషాఢంల ఎవలన్న వస్తరా?" తలుపు చాటునుంచే అంది.

"గడప దాట అత్తమ్మా. ఈ వసారల్నే కూసుంట."

"మీ అవ్వకు తెలుసా?"

"హనుమకొండ పోతాన్నని చెప్పొచ్చిన."

తల్లితో అబద్ధం చెప్పాడు! నాకు నవ్వాగలేదు. టవల్ అందిస్తూ, "ఎందుకొచ్చినవ్?" అని అడిగాను.

"అది పడితే పడతది. పడ్డప్పుడు యాడుండాల్నో సోంచాయించిన" అన్నాడు, తల తుడుచుకుంటూ. ఆ మాట మీద నేను ఎన్నేళ్ళు బతికానో నాకే తెలుసు.

అమ్మ గంప కింద పుంజు ఉంది. ఆ రోజు దాని ఆయువు తీరింది. మా ఇంట్లో కోడి పులుసు చేస్తే అందులో బియ్యప్పిండి ఉండలు వేస్తాం. ఇది మా తాత నాటి కరువులో పుట్టిన వంట అంటారు. ఒక్క కోడి పదిమందికి రావాలి కదా. పుంజు ముదురు, అందుకని ముక్కల్ని ఉప్పు, పసుపు, అల్లం ముద్ద వేసి చాలాసేపు ఉడికించాను. ధనియాలు, ఎండుకొబ్బరి, నువ్వులు వేయించి నూరి కలిపి, పలచగా చింతపులుసు పోశాను. పిండిలో వాము, ఉప్పు వేసి మసిలే నీళ్ళతో కలిపి, ఉసిరికాయంత ఉండలు చేసి, మరిగే పులుసులో ఒక్కొక్కటే వదిలాను. ముందు మునుగుతాయి. ఉడికాక పైకి తేలతాయి. వాటి పిండి కొంచెం విడిపోయి పులుసు చిక్కబడుతుంది, కారం కోడి కొవ్వుతో కలిసి పైన ఎర్రగా మెరుస్తుంది.

ఆయన వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని తిన్నాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తలెత్తలేదు. వేళ్ళు నాకి, "మల్ల చేస్తవా మనింట్ల?" అన్నాడు. సాయంత్రం బస్సుకు పోయాడు. స్కైలాబ్ ఎక్కడో సముద్రం అవతల పడిందని తర్వాత విన్నాం.

శ్రావణం రాగానే నేను మట్టెవాడకు వచ్చాను. నాకన్నా ముందే కబురు వచ్చి కూర్చుంది. పక్కింటి యాకమ్మ, మా ఆయన పరకాల బస్సు ఎక్కడం చూసి, కోడి తిన్న సంగతి కూడా ఆరా తీసిందట. చూసినామె ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "ఎన్నడు తల్లి మాట జవదాటని పిలగాడు, ఆషాఢంల పోయి అత్తగారింట కోడి తినొచ్చిండంటే, ఉత్తగ పోయిండా? మందు పెట్టిన్రు గావచ్చు" అని మా అత్త చెవిలో వేసింది.

మా వైపు మందు పెట్టడమంటే, మొగుణ్ణి కొంగుకు కట్టుకోవడానికి కూట్లో ఏదో కలిపి తినిపించడం. ఆ పేరు ఒక్కసారి పడితే ఆ ఆడదాని చేతి నీళ్ళు ఎవరూ ముట్టరు. ఆమె పుట్టింట్లో కూడా ముట్టరు. నేను మా అమ్మ ముఖం తలచుకుని వణికాను.

అత్త నన్ను అడగకుండా చూసి తేల్చుకుందామనుకుంది. పోచమ్మ బోనాలయ్యాక కోసిన కోడిని నా ముందు పెట్టి, "మీ అవ్వగారింట్ల చేసిన తీరే చెయ్యి. నేను గూడ చూస్త" అంది. వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. పిండి కలుపుతుంటే ఆమె చూపు నా వేళ్ళ వెంటే తిరిగింది.

"ఆ ఉండల్ల ఏముంటది?"

"పిండి అత్తమ్మా."

"పిండి లోపల?"

"పిండే."

"దాని నడుమల?"

"నడుమల గూడ పిండే అత్తమ్మా. వాము ఏసిన."

"వాము కనవడ్తలేదు."

"పిండిల కలిసింది."

"గదే అంటాన్న. కలిస్తే కనవడది" అంది. నేను ఉండను పులుసులో వదిలాను.

వడ్డించాను. ఆమె పచ్చడితో తిని లేచింది. మా మామ మాత్రం గిన్నె దగ్గరకు లాక్కుని, "లచ్చీ, మందుంటే ఉండనియ్యి, గిట్ల ఉడికిన మందైతే నేను రోజు తింట" అన్నాడు. వరసబెట్టి లాగించి, బొజ్జ నిమురుకుంటూ అరుగు మీదికి పోయాడు. మా ఆయన కూడా తండ్రికి పోటీగా తిన్నాడు. వానాకాలం, ముదురు కోడి, పైగా అన్ని ఉండలు. తెల్లారి ఆయనకు కడుపునొప్పి వచ్చింది. అంతకన్నా ఎక్కువ తిన్న మామకు రాలేదు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. అత్తకు కావలసిన సాక్ష్యం దొరికింది.

వినాయక చవితి పోయాక మొండయ్య వచ్చాడు. కడుపులో పెట్టిన మందును కక్కించే మనిషి. యాకమ్మే పిలుచుకొచ్చింది. దారి పొడుగునా ఆమె నోరు మూసుకుని ఉంటుందా? అందుకే ఆయనకు లోపలికి రాగానే అన్నీ తెలిసిపోయాయి. మా ఆయన నాడి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"కడుపుల గడ్డ ఉన్నది. పిండి గడ్డ. ఎవలు పెట్టిన్రో నేను చెప్ప. నాకెందుకు ఆ పాపం" అని, నా వైపు మాత్రం చూసి చెప్పాడు.

"అవ్వా, నాకేం కాలే, అజీర్తి" అన్నాడు మా ఆయన.

"నువ్వు మాట్లాడకురా. నువ్వు మాట్లాడుతలేవు, లోపలున్నది మాట్లాడుతాంది" అంది అత్త.

ఏదో కషాయం తాగించారు. ఆయన పెరట్లో కూర్చుని ఇత్తడి తాంబాళంలోకి కక్కాడు. మొండయ్య అందులో చెయ్యి పెట్టి కలియబెట్టి ఒక తెల్లటి ఉండను బయటికి తీశాడు. చీలిస్తే మధ్యలో వెంట్రుక చుట్టుకుని ఉంది. "ఇగో!" అన్నాడు. అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. యాకమ్మ, "చెప్పిన్నా లేదా" అన్నట్టు అందరినీ చూసింది. నేను ఆ వెంట్రుకను చూశాను. అది గోరింటాకు పెట్టిన ఎరుపు. మా ఇంట్లో ఎవరి తలా ఎర్రగా లేదు. ఎర్రగా ఉన్నవి మొండయ్య మీసాలు.

"అత్తమ్మా, ఆ ఎంటిక రంగు చూడున్రి" అన్నాను.

"రంగులు చూసే టైమా ఇది?" అని అత్త కసిరింది. మా ఆయన నీరసంగా గోడకు జారగిలబడి ఆ ఉండనే చూస్తున్నాడు. నన్ను చూడలేదు. ఆ రోజు నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. కట్టెలు పచ్చివని చెప్పాను.

ఆ తర్వాత కథ తిరగబడింది. మందు కక్కిన మనిషి కోలుకోవాలి కదా? మా ఆయన రోజురోజుకూ దిగిపోయాడు. తిన్నది ఇమడదు, పదేపదే పెరట్లోకి పరుగు. కడుపులో కత్తి తిప్పినట్టుంది అనేవాడు. బుగ్గలు లోపలికి పోయాయి. దుకాణంలో తాడు కట్ట లేపబోయి, లేపలేక మళ్ళీ దించేశాడు.

ఒక పొద్దున మా అత్త మజ్జిగ చిలికి చెంబులో పోసి, చుట్టూ చూసి, కొంగు ముడి విప్పి చిటికెడు పొడి వేసి, చూపుడు వేలితో కలపడం చూశాను. నన్ను చూసి వేలు కొంగుకు తుడుచుకుంది.

"ఏందత్తమ్మా అది?"

"ఉప్పు."

మా ఇంట్లో ఉప్పు జాడీలో ఉంటుంది, కొంగులో కాదు. నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు వచ్చిన ఆలోచన మా అత్తకు వచ్చినటువంటిదే. మందు పెడుతోంది అనుకున్నాను. కొడుకు మనసు నా మీంచి తిప్పడానికి. మా ఊళ్ళో మాత్రం మందును నమ్మరా? అందరం నమ్ముతాం. నేను పెట్టలేదని నాకు తెలుసు, అంతే తేడా. అప్పట్నుంచి ఆమె నా గిన్నెల మూతలు ఎత్తి చూసేది, నేను ఆమె చెంబు అడుగు వాసన చూసేదాన్ని. మా మామ మధ్యలో కూర్చుని, "ఈ ఇంట్ల నేనొక్కన్నే ఉత్త బువ్వ తింటాన్న" అనేవాడు.

ఆయనకు చెబుదామా అనుకున్నాను. చెబితే ఏమంటారు? తన మీది నేరం అత్త మీదికి తోసిందంటారు. పైగా ఆయన నమ్ముతాడో లేదో నాకే నమ్మకం లేదు. ఎందుకో చెప్తాను.

ఆయనకు నోరు చేదుగా ఉందంటే ఒక మధ్యాహ్నం కొంచెం కోడి పులుసు, నాలుగు ఉండలు చేశాను. అత్త యాకమ్మ ఇంటికి పోయిన సమయం చూసే చేశాను. కంచంలో పెట్టి ముందు కూర్చున్నాను. ఆయన ఉండను తీసుకున్నాడు. నోట్లో పెట్టుకోలేదు. బొటనవేలితో మధ్యకు విరిచాడు. రెండు ముక్కల్నీ కాసేపు చూశాడు. తర్వాత తిన్నాడు. రెండోదీ అంతే.

నీళ్ళు తెస్తానని లేచి పెరట్లోకి వెళ్ళి బావి గట్టు పట్టుకుని నిలబడ్డాను. అత్త వంద మాటలన్నా తట్టుకున్నాను. ఆ రెండు ముక్కల్ని తట్టుకోలేకపోయాను.

పులుసు చేసిన సంగతి ఎలా తెలిసిందో, ఆ సాయంత్రమే అత్త తేల్చేసింది. "బతుకమ్మకు మీ అవ్వగారింటికి పోతవ్ గదా. పోయిరా. మేం వచ్చి తోల్కొచ్చేదాక ఆడనే ఉండు" అంది. తోలుకు రావడానికి ఎవరూ రారని ఆ గొంతులోనే ఉంది. మా ఆయన మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

బతుకమ్మ ఇంకా రాకముందే ఒక పొద్దున ఆయన పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయాడు. మామ ఒక్క అరుపు అరిచి రిక్షా పిలిచాడు. హనుమకొండ దవాఖానకు నలుగురం పోయాం. డాక్టరు వయసులో ఉన్నవాడే. పొట్ట నొక్కి చూశాడు, నాలుక చూశాడు, కళ్ళ కింద చూశాడు. కలం కింద పెట్టి అడిగాడు.

"ఇంట్ల ఏమన్న నాటుమందు ఇస్తున్నరా ఈయనకు? దాయకుండ చెప్పున్రి. లేకపోతే మనిషి దక్కడు."

అప్పుడు మా ఆయన మంచం మీంచి తల తిప్పి నన్ను చూశాడు.

పక్కనే తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు. నన్నే చూశాడు. చెంబు, కొంగు ముడి, వేలు, అన్నీ నోటి దాకా వచ్చి ఆగిపోయాయి. చూడు, బాగా చూడు అనుకున్నాను కోపంతో. నేను నోరు తెరవను. చస్తే ఇద్దరం చద్దాం అనుకున్నాను. అంత కోపం.

మా అత్త కొడుకు మొహం చూసింది. నా మొహం చూసింది. కొంగు ముడి విప్పి కాగితం పొట్లాన్ని డాక్టరు బల్ల మీద పెట్టింది.

"నేనిస్తాన్న సారూ. మొండయ్య ఇచ్చిండు, మిగిలిన మందు కడిగేస్తదని. రోజు మజ్జిగల పోసిన" అని, కాస్త ఆగి, "ఆ పిల్లకు తెల్వది" అంది.

డాక్టరు పొడిని చూపుడు వేలి మీద వేసుకుని చూసి, వాసన చూసి, "నేపాళం గింజలు నూరిండు, విరేచనాలు పట్టే విషం. ఎద్దుకు పెడితే ఎద్దే పడిపోతది. కన్నతల్లివేనా నువ్వు?" అని గట్టిగా అన్నాడు. మా అత్త నేల మీద కూర్చుండిపోయింది. ఆమె ఏడుపు నేను వినడం అదే మొదలు. శత్రువు పడిపోతే సంతోషం కలగాలి. నాకు కలగలేదు. వంగి రెక్క పట్టుకుని లేపాను. ఆమె నా చెయ్యి వదల్లేదు.

సెలైన్లు ఎక్కించారు. ఇంటికి వచ్చాక గంజి, మజ్జిగన్నం, తర్వాత మెల్లగా పప్పన్నం. అత్త మజ్జిగ చెంబు ముట్టుకోలేదు. "నువ్వే కలిపియ్యి" అనేది. మొండయ్య మళ్ళీ మా వాడకట్టు వైపు రాలేదు. యాకమ్మ మాత్రం గోడ మీంచి, "అందరు మంచిగున్నరా" అని అడిగితే, మా అత్త, "నీ దయ లేకుంటె ఇంకా మంచిగుంటుంటిమి" అని తలుపు వేసింది.

బతుకమ్మకు పోయే ముందు రోజు అత్త తనే పోయి కోడిని తెచ్చింది. "ఉండలేసి చెయ్యవే" అంది. ఈసారి గుమ్మంలో కూర్చోలేదు. నా పక్కన కూర్చుని పిండి చుట్టింది. ఆమె ఉండలు వంకర టింకరగా వచ్చాయి. ఉడికాక మొదటిది తనే తీసుకుని, కాలుతున్నా నోట్లో వేసుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే, "మంచిగున్నయి" అంది. అత్త మీద నాకున్నదంతా అక్కడ పోయింది. ఆమె నన్ను ఎరగదు. ఎరగని పిల్ల మీద అనుమానపడింది. కొడుకు కోసం భయపడింది. అది నాకు అర్థమవుతుంది.

అర్థం కానిది ఆయన.

తెల్లారి హనుమకొండ బస్టాండుకు ఆయనే తీసుకొచ్చాడు. ఇంకా బుగ్గలు పూడలేదు. బెంచీ మీద కూర్చున్నాం. తంగేడు పూల మూటలతో ఆడవాళ్ళు బస్సుల చుట్టూ తిరుగుతున్నారు. నాకు ఇంక ఆగలేదు.

"దవాఖానల నన్నెందుకు చూసినవ్?"

"ఎప్పుడు?"

"డాక్టర్ అడిగినప్పుడు. మందు ఎవలిచ్చిన్రంటే."

ఆయన నా సంచి మూతి బిగించి కట్టాడు. "అవ్వ కలుపుతాందని నాకు ఎరుకే" అన్నాడు.

"ఎరుకై తాగినవా?"

"తాగకుంటె నీ మీద పడతది. నువ్వు పెట్టింది లోపల మాట్లాడుతాంది అంటది. తాగితే జర నిమ్మళంగ ఉంటుండె. గింత చేస్తదనుకోలే."

"మరి నన్ను చూసుడెందుకు?"

"అవ్వ పక్కన నిలవడ్డది. నేనెట్ల చెప్త? నువ్వన్న చెప్తవని చూసిన."

"ఉండ విరిచి చూసినవ్ గదా? అది?"

"కాలింది. సల్లారుతదని ఇరిచిన" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడంటే, అంతకన్నా సాదా సంగతి లోకంలో ఉండదన్నట్టు.

నేను ఆయన మొహాన్ని వెతికాను. ఇన్ని రోజులూ నేను మోసిన దానికి ఆయన దగ్గర ఇంత చిన్న జవాబులున్నాయి. నిజాలైతే నాకంటే పిచ్చిది లేదు. ఆ పూటకు పుట్టిన మాటలైతే ఆయనంత తెలివైనవాడు లేడు. ఆయన తెలివైనవాడు కాదని నాకు తెలుసు. తెలుసుననే అనుకుంటున్నాను.

పరకాల బస్సు వచ్చింది. సంచి లోపల పెట్టి కిందికి దిగాడు.

"సద్దుల బతుకమ్మ అయినంక వస్త, తీస్కపోత. అవ్వనడగ" అన్నాడు.

"రాకుంటె?"

"వస్తనంటాన్న గదా."

బస్సు కదిలింది. చెయ్యి ఊపలేదు. కిటికీ వెంట నాలుగడుగులు నడిచి, ఆగి, నన్నే చూస్తూ నిలబడ్డాడు. అదే చూపు. దవాఖానలో మంచం మీంచి నన్ను చూసిన చూపే, కొంచెం కూడా తేడా లేదు. అప్పుడు నా ఒళ్ళు మండించింది. ఇప్పుడు ఏడుపొచ్చింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ చూపులో అనుమానం ఎక్కడుందా అని పరకాల చేరేదాకా వెతుకుతూనే ఉన్నాను.